వీపుదెబ్బ

ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు గనుక ధరణి తలను ముందుకు వంచి, జుట్టంతా కుడివైపుకు లాక్కుని జడ వేసుకుంటుంది. ఆ పొద్దున కూడా వంటింటి గడప మీద కూర్చుని అలాగే అల్లుకుంటోంది. ముప్పై నాలుగేళ్ల మనిషి. పొడుగు మెడ, ఎప్పుడూ బిగబట్టినట్టుండే దవడ. మెడకూ భుజానికీ మధ్య ఎముక ఒకప్పుడు విరిగి, సరిగా అతుక్కోక, జాకెట్టు అంచు దగ్గర చిన్న మిట్టలా తేలి కనబడుతుంది.

లోపల మంచం కిర్రుమంది. బాలరాజు లేచాడు. శామీర్‌పేట చుట్టుపక్కల కొత్త వెంచర్లలో అతను జేసీబీ నడుపుతాడు. మేడ్చల్‌లో ఆ వాడకట్టు వాళ్లను అడిగితే మెత్తటి మనిషనే చెబుతారు. బయట ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడడు. ఫోన్ చార్జర్ ఏదని అడిగాడు. చూడలేదంది ధరణి. అతను వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. వంగి ఉన్న తలను అరచేత్తో పట్టి, నుదుటిని దర్వాజా చెక్కకేసి ఒక్కసారి కొట్టాడు. కోపంగా కాదు, తలుపు వేసినంత మామూలుగా. తరువాత దిండు కింద చార్జర్ దొరికింది. చాయ్ తాగి బండి తీసుకుని వెళ్లిపోయాడు.

నుదురు బొప్పి కట్టింది. ధరణి చన్నీళ్లతో తుడుచుకుని, బొట్టుబిళ్లను రోజూ పెట్టుకునే చోటు నుంచి కొంచెం పక్కకు జరిపి, బొప్పి మీద అంటించుకుంది. కండ్లకోయ దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి బహదూర్‌పల్లికి ఇంకో ఆటో. దారి పొడుగునా కాలేజీ బస్సులు.

ఆమె పనిచేసేది ఒక డాబా ఇంటి మేడ మీద. ఆ ఇల్లు సుజిత్ వాళ్లది. భీమవరం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబం. సుజిత్ ఉద్యోగం మానేసి బల్ల మీద ఆడే ఆటలు తయారుచేస్తున్నాడు. ఇప్పుడు చేతిలో ఉన్న ఆట పేరు 'ఏడు బురుజులు'. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెబుతుంటే మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఆ కథలో నడుస్తారు. కత్తి తగిలిందా, తగిలితే ఎంత లోతుకు దిగిందన్నది పాచికలు తేలుస్తాయి. గొడ్డలి వీరుడు, మంత్రగాడు, విలుకత్తె, పసరువైద్యురాలు. వీళ్లలో ఎవరిని ఎంచుకున్నా ఆడేవాళ్లకు తాము దండగ అనిపించకూడదు. మంత్రగాడొక్కడే అందరినీ కాల్చి బూడిద చేస్తే మిగతావాళ్లు పల్లీలు తింటూ కూర్చోవలసిందే. సుజిత్ దీన్ని తూకం అంటాడు. ఒక్కొక్క పాత్రనూ శత్రువు మీదికి తోలి, మళ్లీ మళ్లీ కొట్టించి, చంపించి, ఆ తూకం సరిపోయిందో లేదో చూడటమే ధరణి పని.

ఆమె చేరింది పెట్టెలకు అట్టలు అంటించడానికి. ఒకరోజు ఆడటానికి మనిషి తక్కువై కూర్చోబెట్టారు. తన వంతు వచ్చినప్పుడు గొడ్డలిని ఎక్కడ వేస్తావని అడిగితే, మోకాలి వెనక అంది. "నిలవడలేనోడు కొట్టలేడు సార్." నరం తెగి దొంగ ఎలా కూలాడో, నేల మీద ఎలా పాకాడో, పాకుతున్నవాడి వీపు మీద కాలు మోపి రెండో దెబ్బ ఎలా వేసిందో చెప్పుకుంటూ పోయింది. ఆ తరువాత ఆమెను అట్టల దగ్గరికి పంపలేదు.

ఆ పని ఆమెకు ఇష్టం. ఇంట్లో నోట్లోంచి రాని మాటలు ఇక్కడ గట్టిగా వస్తాయి. పేగులు, పుర్రెలు, పళ్లు రాలటాలు చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోతుంది. మంచి దెబ్బ పడిన రోజు మధ్యాహ్నం అన్నంలో ఇంకో ముద్ద ఎక్కువే తింటుంది.

వారం రోజులుగా పసరువైద్యురాలు నిలవటం లేదు. గుహ కాపలా రక్కసుడి ముందు మిగతా ముగ్గురూ ఎలాగో నెగ్గుకొస్తున్నారు. ఈమె మాత్రం ప్రతి ఆటలోనూ చస్తోంది. ఆ పొద్దున కూడా రాతిగద ఆమె పక్కటెముకల మీద పడింది. ఎముకలు లోపలికి దిగాయి. గోడకు ఆనుకుని లేవబోతుంటే రెండో దెబ్బకు దవడ ఊడింది. మూడోది ధరణి చెప్పలేదు. పాచికలు వేసి, వచ్చిన అంకె చూసి, పసరువైద్యురాలి బొమ్మను బల్ల మీద పక్కకు పడుకోబెట్టింది.

విషం పూసిన కత్తి ఇద్దామన్నాడు సుజిత్. అలా ఇస్తే విలుకత్తెకూ ఈమెకూ తేడా ఏముంటుందని అడ్డుపడింది హరిచందన. ఆమె శామీర్‌పేట పిల్ల. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివి, ఈ ఆటకు బొమ్మలు గీస్తుంది, కథ చెప్పేవాళ్లు లేనప్పుడు కథ చెబుతుంది.

"అయితే ప్రాణం పెంచుదామండీ. రెట్టింపు చేసేద్దాం," అన్నాడు సుజిత్.

ధరణి పడుకున్న బొమ్మనే చూస్తోంది.

"పానం పెంచితే ఎక్కువసేపు దెబ్బలు తింటది సార్. గంతే గద."

మరేం చెయ్యమంటారని అడిగాడతను.

"దాన్ని పోనియ్యుండ్రి. బయటికి. వీపుదెబ్బ లేకుండ."

వీపుదెబ్బ ఆ ఆటలో గట్టి నియమం. ఎదురుగా శత్రువు ఉండగా వెనుదిరిగితే, అతనికి ఒక దెబ్బ ఊరికే దక్కుతుంది. పాచిక వేసే పని లేదు, తగిలి తీరుతుంది. ఆ నియమం రాసింది సుజితే. తీసేస్తే అందరూ పారిపోతారని, పారిపోవటానికి ఖరీదు లేకపోతే నిలబడి పోరాడేవాడి ధైర్యానికి విలువేముంటుందని అన్నాడు. అతను చెప్పినదాంట్లోనూ న్యాయం ఉంది.

"గొడ్డలోనికి ఉండనియ్యుండ్రి," అంది ధరణి. "ఆనికి నిలవడే బలముంది. దీనికి లేదు. ఇద్దరికి ఒక్కటే రూలు పెడితే తూకమెట్లయితది సార్?"

గట్టిగానే అంది. అన్న తరువాత కుడిచెయ్యి తనంతట తానే ఎడమ భుజం మీదికి పోయింది. ఆఫీసులో అందరికీ అది స్కూటర్ మీంచి పడిన దెబ్బ. నిజానికి నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం, బట్టల సంచి పట్టుకుని ఆమె గేటు దాకా వెళ్లింది. బాలరాజు అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడు. గడియ తియ్యటానికి ఎడమ చెయ్యి ఎత్తినప్పుడు వెనక గాలిని కోసినట్టు చప్పుడైంది. ఇనుప రాడ్డు. ఎముక విరిగిన చప్పుడు తన ఒంట్లోంచి కాక గేటులోంచి వచ్చిందనుకుంది. పుట్టింటి ఊరు రావల్‌కోల్‌లో తల్లి బాలమణి కట్టు కట్టించింది. సగం అతుక్కోగానే తనే బస్సెక్కించి తీసుకొచ్చి, అల్లుడి చేతిలో పెట్టి పోయింది. మొగోడన్నంక కోపమొస్తది, నువ్వే సూసుకోని ఉండాలె అని చెప్పింది.

ఒకసారి ఆడి చూద్దామంది హరిచందన. తనే కథ అందుకుంది. సుజిత్ గొడ్డలి తీసుకున్నాడు.

రక్కసుడు గద తిప్పుతూ వచ్చాడు. పసరువైద్యురాలు పిడికిట్లో నలిపిన ఆకుల పొడి వాడి కళ్లలో కొట్టి వెనుదిరిగింది. వీపుదెబ్బ పడలేదు. వాడు గొడ్డలి వీరుడి మీదికి తిరిగాడు. గద పడి వీరుడి ఎడమ మోచెయ్యి చితికి, తోలు పట్టుకుని వేలాడింది. అతను దాన్ని అలాగే వదిలేసి, కుడిచేత్తో గొడ్డలిని వాడి తొడలో దింపాడు. ఎముకకు పట్టుకుని గొడ్డలి బయటికి రాలేదు. రక్కసుడు అతని గొంతు పట్టి నేలకేసి మోదాడు. ఇంకొక్క దెబ్బకు అయిపోతాడు. అప్పుడు గుహ అవతలి నుంచి పసరువైద్యురాలు పాక్కుంటూ వచ్చింది.

"గొడ్డలోని కాలు పట్టి ఈడ్సుకపోతున్న," అంది ధరణి. "గుడ్డ కట్టి గుంజుతున్న. నెత్తురు ఆగేదాక గుంజుతున్న. ఆడు నొప్పికి ఒర్రుతున్నడు. ఒర్రనీ."

పాచికలు పడ్డాయి. నెత్తురు ఆగింది. కట్టుతోనే లేచిన వీరుడు తొడలో ఇరుక్కున్న గొడ్డలిని వాడి మీద కాలు తన్నిపెట్టి ఊడబెరికి, రక్కసుడి గొంతులో వేశాడు.

సుజిత్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆట బాగా నడిచిందని ఒప్పుకున్నాడు. అయినా అతనికి ఒక మెలిక మిగిలింది.

"కానీ ఆవిడ గెలిచినట్టు కాదు కదండీ."

"గెలవలే సార్. సావలే."

సుజిత్ పసరువైద్యురాలికి వీపుదెబ్బ ఉండదని నియమాల్లో మార్చమని హరిచందనకు చెప్పి కిందికి వెళ్లిపోయాడు.

సాయంత్రం మెట్ల దగ్గర ధరణి చెప్పులు వేసుకుంటుంటే హరిచందన వచ్చి నిలబడింది. చెమటకు బొట్టుబిళ్ల ఎప్పుడు ఊడిపోయిందో, బొప్పి నల్లగా బయటపడి ఉంది. హరిచందన దాన్ని చూసింది. ఎట్లా తగిలిందని అడగలేదు.

"అక్కా, కామారెడ్డిల మా పెద్దమ్మ ఒక్కతే ఉంటది," అంది. "ఎవ్వరిని ఏం అడగది."

ధరణి తలూపి ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లింది.

బాలరాజు ముందే వచ్చి ఉన్నాడు. ఆమె గుమ్మం దాటగానే నుదుటి వైపు చూశాడు.

"గిట్లనే తిరిగినవా ఊరంత? అందరికి సూపిచ్చుకుంట?"

బొట్టుబిళ్ల ఊడిన సంగతి చెప్పబోయింది. మాట పూర్తి కాకముందే చెంప మీద పడింది. తల గోడకు తగిలింది. అతను జడ పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాడు. కడుపులో మోకాలితో పొడిచాడు. కింద పడితే నడుము మీద తన్నాడు, ఒకటి తరువాత ఒకటి, తొందర లేకుండా. ధరణి మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, భుజాన్ని ఒంటి కింద దాచుకుంది. నోట్లో ఉప్పుగా ఉంది. పొయ్యి పక్కన కత్తిపీట కనబడింది. చెయ్యి చాస్తే అందుతుంది. ఆటలో ఇన్నాళ్లూ ఎంతమందిని నరికిందో ఆ చేతికి తెలుసు. ఇతని మోకాలు ఎంత గట్టిదో కూడా తెలుసు. ఆమె చెయ్యి చాచలేదు.

అతనికి ఆయాసం వచ్చి ఆగాడు. చెమట కంపు కొడుతున్నానని, స్నానం చేసొచ్చేసరికి బువ్వ కావాలని చెప్పి బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

ధరణి గోడ పట్టుకుని లేచింది. ఉమ్మితే ఎర్రగా పడింది. బియ్యం కడిగి కుక్కర్‌లో పోసి, నీళ్లు కొలిచి, మూత బిగించి పొయ్యి వెలిగించింది. చేతులు రోజూ చేసే పని చేసుకుపోయాయి. బాత్రూంలో బకెట్ నిండుతోంది. మొదటి మగ్గు నీళ్లు పడ్డ చప్పుడయింది. మళ్లీ ఒకటి. అతను స్నానం నింపాదిగా చేస్తాడు.

వంటింట్లోంచి చూస్తే ముందు గది, దాని అవతల అరుగు, గేటు వరుసగా కనబడతాయి. అరుగు మీద ఎవరూ లేరు. ఆమె వెనక కూడా ఎవరూ లేరు.

కుక్కర్ కూత పెట్టింది. ఇంకొకటి పెట్టేదాకా ఆగింది. పొయ్యి ఆర్పింది. ఫోన్ జాకెట్టులో దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని అరుగు దిగింది. గడియను కుడిచేత్తో తీసింది. నడుము నొప్పికి పరిగెత్తలేకపోయింది; వీధిలో మామూలుగానే నడిచింది. మలుపు తిరిగాక చెప్పులు వేసుకుంది. ఎదురొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకున్నారు.

మేడ్చల్ స్టేషన్‌లో కామారెడ్డి వైపు పోయే రైలు ఇంకా రాలేదు. చివరి బల్ల మీద కూర్చుని హరిచందనకు ఫోన్ చేసింది. పెదవి వాచి మాట ముద్దగా వచ్చింది.

"మీ పెద్దమ్మ ఇల్లు ఏడ?"

హరిచందన మెల్లగా చెప్పింది. స్టేషన్‌కు పెద్దమ్మే వచ్చి నిలబడుతుందని, ఫోన్ పెట్టెయ్యొద్దని, రైలెక్కేదాకా మాట్లాడుతూనే ఉండమని చెప్పింది. ధరణి ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది. రైలు వచ్చాక ఆడవాళ్ల పెట్టె వెతుక్కుని ఎక్కింది. ఆ తరువాత మేడ్చల్‌లో ఆమెను ఎవరూ చూడలేదు.

ఆమె ఇంకా స్టేషన్ దారిలో ఉండగానే ఇంట్లో, బాత్రూంలో మగ్గు చప్పుడు ఆగింది. బాలరాజు తువ్వాల ఇమ్మని పిలిచాడు. కొంచెం ఆగి మళ్లీ పిలిచాడు. నీళ్లు కారుతూనే బయటికొచ్చి, ముందు గదిలో చూసి, అరుగు మీద చూసి, తీసి ఉన్న గేటును చూసి వంటింట్లోకి వచ్చాడు. ఆరిపోయిన పొయ్యి మీద కుక్కర్ ఇంకా చల్లారలేదు. మూత మీది బరువు ఒక పక్కకు ఒరిగి, సన్నగా ఆవిరి వదులుతోంది.