దర్జీగారమ్మాయి నీడలు

దర్జీ పొద్దున్నే కొట్టు తలుపులు తీసి, మిషన్‌కి నూనె వేసి, గుమ్మంలో పడ్డ తన మూడు నీడల్నీ ఓ పక్కకి జరుపుకుని కూర్చునేవాడు. ఆ దీవిలో అంతే లెండి. ఎన్ని జాతుల రక్తం కలిస్తే అన్ని నీడలు. ఏ పడవలో ఎవరు దిగారో, ఎవరు ఎవర్ని చేసుకున్నారో జనం ఎప్పుడో మర్చిపోయారు గానీ, ఎండ మర్చిపోలేదు. ఇరుకు సందుల్లో ఒకరి నీడ ఒకరు తొక్కి, "చూసుకు నడవండి బాబూ!" అనిపించుకోవడం రోజూ ఉన్నదే.

ఆ ఏడు దర్జీ కూతురికి ఒంట్లో రక్తం ఊరడం మానేసింది. కొట్లో చకచకా గుండీలు కుట్టే పిల్ల, సూదిలో దారం ఎక్కించేసరికే ఆయాసపడిపోయేది.

"ఎముకల్లో మూలుగ ఎవరైనా ఇవ్వాలి. అది అమ్మాయి మూలుగతో సరిపోవాలి," అన్నాడు డాక్టరు. "పెద్దాసుపత్రుల్లో వెతికించాను. మన కలగాపులగం రక్తానికి బయట జోడీ దొరకలేదు. ఆలస్యం చెయ్యకండి."

ఇంకేముంది, చుట్టాలందర్నీ పిలిపించారు. పెరట్లో పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కర్నీ పక్కన నిలబెట్టి, నీడలు కలిస్తే మూలుగా కలుస్తుందని పోల్చి చూశారు. సొంత అన్నవి కూడా కలవలేదు. ఒకే గిన్నెలోంచి వడ్డించినా గరిటె గరిటెకీ ముక్కలు వేరు కదా! బాబాయైతే మడమలెత్తి నీడ పొడుగు చెయ్యబోయాడు.

"ఎంత సాగదీసినా అది నీ నీడే. దిగు మరిదీ," అంది తల్లి, నవ్వలేక ఏడవలేక.

పిల్ల నీడలు పల్చబడసాగాయి. తల్లి గంటగంటకీ ఆమెని వెలుతుర్లోకి తెచ్చి, ఇంకా ఉన్నాయా లేవా అని గచ్చు తడుముకునేది.

ఓ సాయంత్రం కొట్లో తల్లి పక్కన పిల్ల కూర్చునుండగా, ఐసు అమ్మే ఆవిడ వచ్చింది. దీవికి ఆ చివర ఉంటుంది. వీళ్ళకి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. పైగా నోరు పెద్దది.

"ఏమయ్యా, నా జాకెట్టు నేను పోయాక ఇస్తావా?"

దర్జీ తలెత్తేలోపే ఆవిడ నీడలు గచ్చు మీద పాక్కుంటూ వెళ్ళి పిల్ల నీడల పక్కన చేరాయి. పొట్టిది పొట్టిదానితో, కొప్పున్నది కొప్పున్నదానితో, వంకర భుజానిది వంకర భుజంతో. అంచుకి అంచు, టేపు పెట్టి కొలిచినట్టు.

"అమ్మా, హాయిగా ఉందే," అంది పిల్ల.

దర్జీ కత్తెర పక్కన పడేసి, సంగతంతా గబగబా చెప్పాడు.

"అమ్మో, సూదంటే నాకు చచ్చేంత భయమయ్యా! టీకాల రోజున గోడ దూకి పారిపోయినదాన్ని," అని ఆవిడ వెనక్కి తిరిగి బయల్దేరింది.

ఆవిడ గడప దాటింది. నీడలు మాత్రం లేవలేదు.

"లేవండే!" అని గదమాయించింది. ఊహూఁ. ఇంకోసారి అరిచింది. పిల్లని అంటిపెట్టుకుని అలాగే పడున్నాయి.

"సరేలే, వీటిని వదిలేసి ఇంటికెళ్ళి నేనేం చేసుకుంటాను? పదండి, ఏ ఆసుపత్రి?"

మూలుగ సరిపోయింది. ఎక్కించాక జ్వరాలొచ్చి అందరి ప్రాణాలూ తోడేశాయి. చివరికి డాక్టరు "కొత్త రక్తం ఊరుతోంది" అన్ననాడు ఐసావిడ చూడ్డానికి వస్తే, వార్డు ముందు కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చుట్టాలకే. పిల్లకి నువ్వేమవుతావ్?"

అంత నోరున్నావిడా తన నీడల వంక చూసుకుంది.

లోపల్నించి తల్లి పరుగున వచ్చింది. "పిల్లకి మేనత్తవుతుందయ్యా!" అని అతని చెయ్యి పక్కకి తోసి, "లోపలికి రా వదినా," అంది.