గాజు తలుపు దగ్గర తడి

భాగ్యమ్మ మాప్ కర్రతో దగ్గరికి రాగానే కాళ్ళు పైకెత్తడం ఆ ఆఫీసులో అందరికీ వచ్చిన విద్య. మాట ఆగదు, కాఫీ ఆగదు, కళ్ళు కిందికి దిగవు. కాళ్ళు మాత్రం లేస్తాయి. ఆ రోజు క్యాంటీన్‌లో సురేంద్ర, చైతన్య అనే ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు కనీస వేతనం మీద పడి కొట్టుకుంటున్నారు. సర్కారు పెంచబోతోందట. పెంచితే కంపెనీలు మనుషుల్ని తీసేసి మెషిన్లు కొంటాయని సురేంద్ర, పెంచకపోతే వాళ్ళు బతికేదెలా అని చైతన్య. “వాళ్ళు” అన్నప్పుడల్లా చైతన్య చెయ్యి కిటికీ బయట ఎక్కడికో చూపిస్తోంది. ఆ వాళ్ళలో ఒకామె అతని కాళ్ళ దగ్గరే వంగి ఉంది. వాదనలో ఇద్దరూ తూర్పూ పడమరా, కాళ్ళెత్తడంలో మాత్రం కవలలు.

హైటెక్ సిటీలో హై అంతా పైఅంతస్తుల వాళ్ళది, టెక్కంతా సూపర్‌వైజర్లది. భాగ్యమ్మది హౌస్‌కీపింగ్. హౌస్ ఎవరిదో, కీపింగ్ మాత్రం ఆమెది. పొద్దున మాప్, మాపటికి మళ్ళీ మాప్, మధ్యలో ఎవరైనా కాఫీ ఒలకబోస్తే మాఫీ లేని మాప్. ఏజెన్సీ కింద ఆరుగురు ఆడవాళ్ళు, ఏడేళ్ళుగా ఇదే నేల. కనీస వేతనమంటే కనీ కనిపించని వేతనమని వాళ్ళలో వాళ్ళు నవ్వుకునేవారు.

బయట తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు, కొత్తగూడ గల్లీలోని ఒంటిగది నుంచి ఆమె నడిచే వస్తోంది. భర్త రామచంద్రం కూలి అడ్డాకు పోవడం మానేసి చౌరస్తా శిబిరంలో కూర్చుంటున్నాడు. మన కొలువులు మనకే కావాలని గొంతు పోయేదాకా అరిచి ఇంటికొస్తాడు. ఆ మాట న్యాయమేనని ఆమెకూ తోస్తుంది. ఒక్కరోజైనా పోయి ఆ శిబిరంలో కూర్చోవాలనీ ఉంది. కానీ సకల జనుల్లో పొయ్యి ముందరి జనాన్ని ఎవరూ లెక్కేసినట్టు లేరు. వాళ్ళూ సమ్మెకు దిగితే శిబిరానికి పులిహోర ఎక్కడి నుంచి వస్తుంది? “పొర్క పట్టుడు గూడ కొలువేనే?” అన్నాడు రామచంద్రం ఒకసారి. ఆ చీపురుతోనే గది కిరాయి కడుతున్నానని ఆమె అనుకుంది, అనలేదు. అనుకోవడానికీ అనడానికీ మధ్య ఉన్న ఆ సందులోనే ఆమె కాపురం ఉంటోంది.

అట్లాంటి రోజుల్లో రసజ్ఞ వచ్చింది. భీమవరం అమ్మాయి, కంపెనీలో ఇంజనీరు. చేతిలో కొలతల టేపు, నోటుపుస్తకం. “మీరు పని ఎలా చేస్తారో నాకు చూపిస్తారాండి?” అంది.

ఏడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఇంట్లోనూ అడగలేదు, పుట్టింట్లోనూ అడగలేదు. పని అయిందా అని అడిగిన వాళ్ళే గానీ ఎట్లా అవుతుందని అడిగిన వాళ్ళు లేరు. భాగ్యమ్మ రెండు రోజులపాటు చూపించింది. ఏ మూల దుమ్ము దాక్కుంటుందో, లిఫ్టు ముందు తొమ్మిదింటికి ముందే ఎందుకు తుడవాలో, కిటికీ పక్కన రెండోసారి ఎందుకు తిరగాలో, పొల్లు పోకుండా చెప్పింది. రసజ్ఞ అంతా రాసుకుని, “ఈ ఫ్లోరంతా మీకు నోటికొచ్చండి భాగ్యమ్మగారూ” అంది. ఆ సాయంత్రం ఇంట్లో, ఇంజనీరమ్మ తనను గారు అన్నదని చెప్పకుండా ఉండలేకపోయింది.

“గారు సంగతి తర్వాత,” అన్నాడు రామచంద్రం, “చారు పొయ్యి.”

పది రోజులకు మెషిన్ దిగింది. ముందు తిరిగే బ్రష్షులు, వెనక నీళ్ళు పీల్చే మూతి. జీతాలు పెంచే కాగితం ఇంకా రానేలేదు, పెరగొచ్చన్న పుకారుకే మెషిన్ వచ్చేసింది. అది సరిగ్గా ఆమె దారినే పోయింది: తొమ్మిదింటికి ముందు లిఫ్టు, కిటికీ పక్కన రెండుసార్లు. ఆమె నడకే, ఆమె లేకుండా. సూపర్‌వైజర్ ఆరుగురినీ నిలబెట్టి, నెలాఖరు దాకే అన్నాడు. నడపడానికి ఒక మనిషి కావాలి కదా, నేను నేర్చుకుంటానని భాగ్యమ్మ అడిగింది. మెషిన్ కదా, మొగోడైతే నయమన్నాడు. నేల ఆమె చేతిలో ఉన్నన్నాళ్ళు అది ఆడపని, స్విచ్చు వచ్చేసరికి మగపని. రసజ్ఞ కొలతలకు వచ్చిన రోజే తన కొలువు పోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది.

చివరి రోజు రసజ్ఞ వచ్చి తలొంచుకుని నిలబడింది. పని ఎలా జరుగుతుందో రాయమన్నారు తప్ప ఎందుకో తనకూ చెప్పలేదంది. అబద్ధంలా లేదు. మళ్ళీ నోటుపుస్తకం తీసింది.

“ఒక్కటి మాత్రం కుదరట్లేదండి. గాజు తలుపు దగ్గర తడి నిలిచిపోతోంది. మీరు తుడిచినప్పుడు ఎప్పుడూ లేదు. ఏం చేసేవారండి?”

అక్కడ బండ లోపలికి వాలి ఉంటుంది. తలుపు తీసి, పాతచీర పేలికతో నీళ్ళను బయటికి లాగాలి. అది చేతులకు తెలిసిన పని. నోటికి గుర్తు రాక ఆ రెండు రోజుల్లో చెప్పలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది.

“నాకు తెల్వది మేడం,” అంది.

అని రెండడుగులు వేసి ఆగింది. జారితే ఎవరు జారతారు? కాళ్ళెత్తే వాళ్ళు తొమ్మిదిన్నరకు గానీ రారు, అప్పటికి ఆరిపోతుంది. ఏడింటికి కప్పుల ట్రే పట్టుకుని ఆ తలుపులోంచి వచ్చేది పాంట్రీలో కాఫీ కలిపే భూలక్ష్మి ఒక్కతే. తన దగ్గర మిగిలిన ఒక్క రహస్యం కూడా తనలాంటిదాని నడుమే విరగ్గొట్టేలా ఉంది. తిన్నగా పాంట్రీకి పోయింది.

“రేపటి సంది గాజు తలుపు కాడ తడి ఉంటది. గోడ పొంటి నడువు, జర పైలం.”

“నువ్వేడికి పోతవక్కా?”

మూలన కాఫీ మెషిన్ డబ్బా ఇంకా విప్పకుండా ఉంది. ఇద్దరూ దాన్ని చూడనట్టే నిలబడ్డారు.

“ఎవరన్న వచ్చి, నీ పని ఎట్ల చేస్తవని మంచిగ అడిగితే...” భాగ్యమ్మ ఇప్పుడు ఆ డబ్బా వంక చూసింది. “చెప్పకు.”

ఇంటికొచ్చి పని పోయిందని చెబితే, మంచం మీద కూర్చున్న రామచంద్రం పెద్దగా కదల్లేదు. తెలంగాణ రానీ, మంచి కొలువే దొరుకుతుందన్నాడు. అప్పటిదాకా ఇల్లు జర సాఫ్‌గా ఉంచమన్నాడు, రేపు శిబిరం నుంచి నలుగురు వస్తారట. ఆమె బకెట్ నింపి, గుడ్డ ముంచి, గోడవార నుంచి తుడుచుకుంటూ మంచం దాకా వచ్చింది. అతను ఎవరి ఉపన్యాసమో చెబుతూ, ఆమె వంక చూడకుండానే కాళ్ళు పైకెత్తాడు.

భాగ్యమ్మ చెయ్యి ఆగిపోయింది. ఈ పనిలోంచి తనను ఎవరూ తీసెయ్యరు. ఇక్కడికి ఏ మెషినూ రాదు. తనకంటే చవకైన మెషిన్ ఎక్కడా దొరకదు.

గుడ్డ బకెట్లో వేసి, సగం తడి సగం దుమ్ము ఉన్న ఆ నేల మీదుగా నడిచిపోయి గడప మీద కూర్చుంది.

“అయిందా?” అన్నాడు రామచంద్రం. అతని కాళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

“కాలే,” అంది భాగ్యమ్మ వీధి వైపు చూస్తూ. “ఇగ కాదు.”