సాక్ష్యం మధ్యలో ఎత్తిన పాట

మా సఖినేటిపల్లి చర్చిలో శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ల ప్రార్థన కూటం జరిగేది. ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పుకోవచ్చు. నేను చదివింది రెండో తరగతే అయినా, గొంతు పెద్దదని కూటం నడపడం నాకు అప్పగించారు. సాక్ష్యం దారి తప్పి చాడీల్లోకి దిగితే కూర్చోమని అనలేం కదా, నేను పాట ఎత్తేదాన్ని. అందరూ అందుకునేవారు. చెప్పే మనిషి తనంతట తనే కూర్చునేది. ఏసుదాసు పెళ్లాం కోడి పోయిన సంగతి ఒక్కటే నాలుగు పాటలు తినేసింది!

ఎనభై నాలుగులో అనుకుంటాను, కువైట్ నుంచి ఏడు నెలలకే తిరిగొచ్చేసిన ఎలీసమ్మ లేచి నిలబడింది. ఆమె వదిలి వచ్చిన ఇంటికే మా వీధి పిల్ల సుందరి పనికి వెళ్లాలి. సోమవారం ప్రయాణం.

"ఆ ఇంట్లో అయ్య మంచోడు కాదండీ. మనం పడుకునే గదికి గడియ ఉండదండి. ఆడు..."

వీసాలు తెప్పించే ప్రభాకరరావుగారు సంఘపెద్ద. ఆయన భార్య కృపమ్మ నా పక్కనే ఉంది. మోచేత్తో పొడిచింది.

"పిల్లలున్నారండీ, ఏంటండీ ఈ మాటలు!"

నేను పాట ఎత్తాను. ముప్ఫై గొంతులు కలిశాయి. ఎలీసమ్మ పెదవులు కాసేపు కదిలాయి. తరువాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఆదివారం ఆరాధన కాగానే ఆమె ఇంటికి వెళ్లి అడిగాను. జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. ఇస్త్రీపెట్టె వాత.

"ఇది కనపడేదండి," అంది.

సోమవారం పొద్దున్నే రేవుకు పరుగెత్తాను. గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు పడవ దగ్గర సుందరి కొత్త రేకుపెట్టెతో నిలబడి ఉంది. వాత సంగతి, గడియ సంగతి అన్నీ చెప్పాను.

"ఊరుకోండి అమ్మమ్మగారూ! నిజమైతే మీరు పాటెందుకు ఎత్తుతారండీ? ఎలీసమ్మక్కకి పని చేతకాక వచ్చేసిందని అప్పుడే అందరికీ తెలిసిపోయిందండి."

"తప్పు నాదేనే తల్లీ. ఆగవే!"

"ఆయ్, వెళ్లగానే ఉత్తరం రాస్తానండి."

పెట్టె పట్టుకున్నాను. ప్రభాకరరావుగారు వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా విడదీశారు.

"పెద్దవారు, ఎండలో నిలబడకండమ్మా," అన్నారు, ఎంతో మర్యాదగా.

పంటు కదిలాక సుందరి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.