రొండిన దాచిన వెలుగు

నేను ఒక చిటికెడు తెల్లపొడిని. గాజు బుడ్డిలో నిద్రపోతున్న కోట్లాది బాక్టీరియాను. బతుకు మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి మూడే. ఒకటి నా ఆకలి. రెండోది సీసం అనే లోహాన్ని పసిగట్టే జన్యువు. మూడోది జెల్లీచేప నుంచి తెచ్చి నాలో అతికించిన పచ్చని వెలుగు జన్యువు. ఆకలి తప్ప మిగతావి అరువు సరుకే. విశాఖపట్నంలో మృదుల అనే పరిశోధకురాలు రెండేళ్లు కూర్చుని వాటిని నాకు అంటగట్టింది. బేరం ఒక్కటే: సీసం తగిలితే నా తిండి ఖర్చుపెట్టి వెలగాలి, తగలకపోతే ఊరుకోవాలి. మొహమాటానికి వెలిగే సరుకు ఎవరికి పనికొస్తుంది?

నన్ను మొదటిసారి బయటికి తెచ్చింది గోదావరి కాలవ పక్కన ఒక చిన్న పేటకు. అక్కడ లోవకుమారి అనే ఆరేళ్ల పిల్లకు నెలల తరబడి కడుపునొప్పి. ఆ పిల్ల రక్తంలో సీసం ఉందని తేలింది గానీ, ఎక్కడినుంచి వస్తోందో తేలలేదు. అది తెలిసి ఆపకపోతే ఏ మందూ నిలవదన్నాడు డాక్టరు. పేటకంతా ఒకటే చేతిపంపు. అందరి అనుమానమూ దానిమీదే.

మృదుల ముందురోజే ప్లాస్టిక్ సీసా పంపి, అందులో పంపు నీళ్లు పట్టి ఉంచమని లోవ మామ్మ మంగాయమ్మకు చెప్పించింది. పొద్దున్నే వచ్చి, నన్ను నిద్రలేపి చిన్న గొట్టాల్లోకి పంచి, ఒకదానిలో ఆ నీళ్లు పోసింది. నేను పనిచేయాలంటే ఒంటివేడి ఉండాలి. తీరా చూస్తే పేటలో కరెంటు లేదు, వెచ్చగా ఉంచే పెట్టె చల్లబడింది.

"ఇలా తే అమ్మా," అంది మంగాయమ్మ. "పొగాకు దాచుకునే చోటే. నా రొండినుంటాది."

రెండు గంటలు ఆమె నడుం దగ్గర చీర మడతలో ఉన్నాను. అంతటి ఆదరణ ప్రయోగశాలలోనూ ఎరగను. తర్వాత ఇద్దరూ దుప్పటి ముసుగులో దూరి నీలి టార్చి వేశారు; ఆ కాంతి పడితేనే నా వెలుగు కనబడేది. పచ్చగా వెలిగాను.

క్షణాల్లో పంపు చుట్టూ ముళ్లకంప పడింది. "పొద్దున్నే రెండు చెంబులు తాగానే, నేనూ వెలుగుతున్నానేమో చూడవే!" అందొకామె. నవ్వారు గానీ, ఇక కాలవ నీళ్లే గతి అని అందరికీ తెలుసు.

మృదులకు మాత్రం మనసొప్పలేదు. పేటంతా తాగే నీళ్లయితే రోగం లోవ ఒక్కదానికే ఎందుకు? కంప కాస్త పక్కకు జరిపించి, పంపు మూతి దగ్గర తనే వేరే సీసాలో నీళ్లు పట్టింది. మళ్లీ రొండి, మళ్లీ దుప్పటి. ఈసారి చీకటి.

"ఏంటమ్మా, నీ పురుగులు పూటకో మాటంటాయా?" అంది మంగాయమ్మ.

నాకు ఒళ్లు మండింది. తూకంలో నేను దగా చేయను. సరుకు మారిందేమో చూసుకోవాలి.

గుమ్మంలో కూర్చున్న లోవ అంది: "మామ్మ సీసాలో పట్టలేదుగా. చెంబులో పట్టి, పొద్దున్న సీసాలో పోసింది. చింతపండెట్టి తోమింది కూడాను."

"మరి? పెద్దోళ్లు చూసే నీళ్లు ప్లాస్టిక్కులో పడతానా? తళతళలాడాలని తోమి మరీ పట్టాను."

మృదుల ఆ ఇత్తడి చెంబు అందుకుని లోపలి తెల్లని పూత మీద వేలు రాసింది. "ఈ కళాయి ఎప్పుడు వేయించారు మామ్మగారూ?"

"కిందటేడు, సంతలో. లోవ ఒక్కదానికే చారు కాస్తానమ్మా ఇందులో. ఒంట్లో బాగోక అన్నం సయించట్లేదని ఇప్పుడు రెండు పూటలా పోత్తన్నాను."

మృదుల చెంబులో చింతపండు నీళ్లు కాసేపు ఉంచింది. పులుపు నాకు పడదని వంటసోడాతో విరిచి, పల్చన చేసి నాలో పోసింది. ఈసారి మంగాయమ్మ అడక్కుండానే గొట్టం అందుకుని రొండిన దోపుకుంది.

అంతకుముందుకన్నా ఎక్కువగా వెలిగాను. కళాయి తగరంలో సీసం కలిసింది. పులుపు తగిలినప్పుడల్లా కాస్త కాస్త దిగుతోంది.

"నా చేత్తోనే పోశాను గదమ్మా."

"చేతిది కాదు మామ్మగారూ. పూతది."

ఇప్పుడు మృదుల బ్లీచింగు సీసా మూత తిప్పుతోంది. పని అయ్యాక నాలాంటి వాళ్లను ప్రాణంతో బయట వదలకూడదని నియమం. న్యాయమే. అరువు సరుకు పూర్తిగా వాడాను, నా ఆకలి వెలుగైపోయింది. బయట ముళ్లకంప లాగేసిన చప్పుడు, వెనకే పంపు కిర్రుమంటోంది. లోపల స్టీలు గిన్నెలో కాచిన చారు మునుపటిలా లేదని లోవ సణుగుతోంది.

ఆ సణుగుడే నాకు మిగిలింది. గిట్టుబాటయింది.