ఉతికి ఆరేసిన పుస్తకాలు

"ఉస్తా! గురువారం పరీక్ష!" అని ఒడ్డు మీద నుంచి గొంతు చించుకున్నాడు ఫిక్రీ.

పడవలో ఇంజను డబడబలాడుతోంది. దాని పొట్టలోకి నడుం దాకా దూరి ఉన్న మెకానిక్ బస్యూనీకి చేరేలోపు ఆ మాటలో మొదటి అక్షరం జారి నైలు నదిలో పడిపోయింది. మిగిలిందే చెవిన పడింది.

"రిక్షానా? మూడు చక్రాలేగా! తెమ్మనండి, చూద్దాం!" అన్నాడు లోపల్నుంచే.

ఆ జవాబులోనూ సగం ఇంజను మింగేసింది. "తెమ్మనండి, చూద్దాం" ఒక్కటే ఒడ్డుకు చేరింది. పరీక్ష అనగానే తొడగొట్టే మనిషిని ఫిక్రీ తన పాతికేళ్ళ ఉద్యోగంలో చూడలేదు. మెచ్చుకోలుగా తలాడించి, ఓ కవరు పడవలోకి అందించాడు.

"వివరాలన్నీ ఇందులో ఉన్నాయి. చదువుకో."

"కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది ఉస్తాజ్. సాయంత్రం చదువుతా."

కవరు జేబులోకి వెళ్ళింది. ఆ జేబులోకి వెళ్ళిన కాగితం మళ్ళీ వెలుగు చూసేది చాకిరేవులోనే.

కవరులో ఏముందో బస్యూనీకి తెలియలేదు గాని, మనకు తెలియాలి. రషీద్ ఊరి జాలర్ల సంఘం వాళ్ళ మరమ్మతు షెడ్డులో పనిచేసే మెకానిక్ ఇకనుంచి ధ్రువపత్రం చూపించాలి. గురువారం అలెగ్జాండ్రియా నుంచి ఇంజనీరు వచ్చి రాతపరీక్ష పెడతారు. గట్టెక్కితే సరే, లేకపోతే వచ్చే నెల నుంచి షెడ్డు తాళంచెవి డిప్లొమా ఉన్న మరో మనిషి చేతికి వెళుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ తాళంచెవి బస్యూనీ మొలతాడుకే వేలాడుతోంది. అది లేకపోతే లుంగీ నిలవదేమోనన్నంత అలవాటు. అక్కడ లుంగీ కట్టరనుకోండి, అయినా మాట వరసకి.

చేతిపని వాణ్ణి ఆ ఊళ్ళో ఉస్తా అంటారు, చదువుకున్న పెద్దమనిషిని ఉస్తాజ్ అంటారు. బస్యూనీ ఉస్తా, సంఘం గుమాస్తా ఫిక్రీ ఉస్తాజ్. ఇద్దరికీ తేడా చివరున్న ఒక్క అక్షరమే. ఆ అక్షరమే బస్యూనీకి పట్టుబడలేదు. అదొక్కటేనా? మొత్తం జాతంతా అంతే. వలలో పడ్డ రొయ్యల్లా ఎగిరేవి. అరబ్బీ అక్షరాలకు పైనా కిందా చుక్కలుంటాయి కదా, ఆ చుక్కలు బస్యూనీ కంటపడగానే ఒక ఇంట్లో నుంచి పక్కింట్లోకి షికారు వెళ్ళేవి. ఆరేళ్ళు బడికెళ్ళి బెత్తం దెబ్బలు తిని, ఆ తరవాత బడి ఎగ్గొట్టి పడవల కింద దాక్కోవడం మొదలెట్టాడు. అలా దాక్కున్న చోటే ఇంజను కనబడింది. దాని ముక్కలు ఎక్కడ పెడితే అక్కడే ఉన్నాయి. అది చూసి కుర్రాడికి ప్రాణం లేచొచ్చింది.

ఈ రషీద్‌లోనే దొరికిన రెండు వేల ఏళ్ళ నాటి నల్లరాతి మీది బొమ్మల రాతను చదవడానికి ప్రపంచ పండితులకు ఇరవై ఏళ్ళ పైన పట్టింది. వాళ్ళలో ఒక్కరి చేతా ఎవరూ గోడకుర్చీ వేయించలేదు. బస్యూనీకి మాత్రం ఆరేళ్ళే గడువు!

అప్పటినుంచి ఆయన చదువు కళ్ళజోడు మీదే నడిచింది. షెడ్డులో ఉంటే కళ్ళజోడు ఇంట్లో, ఇంట్లో ఉంటే కళ్ళజోడు షెడ్డులో. పెళ్ళాంతోనూ ఇదే పాట.

మరి మరమ్మతు ఎలా చేసేవాడు? అతనికీ పుస్తకాలున్నాయి. షెడ్డులో ఎత్తైన అలమరా మీద, మడతలు పెట్టి. పాత తెరచాప గుడ్డలు, దుప్పట్లు. ఏ ఇంజను విప్పినా గుడ్డ పరిచి, ముక్కల్ని విప్పిన వరసలోనే కుడి నుంచి ఎడమకు పేర్చేవాడు. నూనె వేలితో ప్రతి ముక్క చుట్టూ గీత గీసేవాడు. మళ్ళీ ఎప్పుడు విప్పినా అదే గుడ్డ, అదే మరక మీద అదే ముక్క. ఒక ఇంజనుకు ఒక గుడ్డ. ఏది ఎవరిదో తెలియడానికి మూలన వేసిన ముళ్ళు. పడవ నడిపే అస్రాన్ ఇంజనుకి రెండు ముళ్ళు. ఇన్ని మరకల చదువు ఉందని బస్యూనీ ఎవరికీ చెప్పలేదు. చెబితే కళ్ళజోడు సంగతి బయటపడుతుంది మరి.

ఆ సాయంత్రం ఇంట్లో ఉడికించిన చిక్కుళ్ళు రొట్టెతో నంజుకుంటూ భార్యతో అన్నాడు. "గురువారం ఫిక్రీ గారు రిక్షా తెస్తున్నారట ఇన్షిరాహ్."

"ఉస్తాజ్‌కి రిక్షా ఎప్పట్నుంచి? నడిస్తే చెప్పులరుగుతాయని నిలబడే బతికే మనిషి!"

"ఎవరిదో ఏమో. పడవలు చేసే చేతికి రిక్షా ఓ లెక్కా?"

"చెయ్యి సరేలే. దాని ముక్కలు ఎక్కడ పరుస్తావు? నీ షెడ్డులో గుడ్డలు చూస్తే గాడిద కూడా ముక్కు మూసుకుంటుంది. చదువుకున్నాయన బండి ఆ జిడ్డు మీద పెడతావా? పరువుండక్కర్లా?"

"గుడ్డల జోలికి రాకు!" అన్నాడు బస్యూనీ, కాస్త గట్టిగానే.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఇన్షిరాహ్ ఒకటి నేర్చుకుంది. మొగుడు గట్టిగా వద్దన్నాడంటే అది తప్పకుండా చెయ్యాల్సిన పనే. బుధవారం నదీముఖం దగ్గర ఓ పడవ ఆగిపోయిందని బస్యూనీ వెళ్ళాడు, రాత్రికి అక్కడే ఉండిపోయాడు. ఆమె తాళంచెవి జతలో రెండోది తీసుకుని షెడ్డుకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ రిక్షా తోలే తమ్ముడికి ఓ మాట చెవిన వేసింది. "మీ బావ రేపట్నుంచి రిక్షాలు కూడా చూస్తాడట." చెవిన వేసిన మాట రిక్షా ఎక్కింది. మూడు చక్రాల మీద ఊరంతా తిరిగింది.

గురువారం పొద్దున్నే బస్యూనీ తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు ఏడు రిక్షాలు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. "ఫిక్రీ గారు ఒకటన్నారే!" అనుకుంటూ లోపలికి వెళితే, బల్ల దగ్గర ఫిక్రీ ఉన్నాడు, ఓ మూలన టీ గ్లాసుతో అస్రాన్ ఉన్నాడు, ఎదురుగా నడివయసు ఆవిడ ఒకరు ఇటుకంత మరమ్మతు పుస్తకం పట్టుకుని కూర్చుంది.

"అలెగ్జాండ్రియా నుంచి వచ్చారు, ఇంజనీరు షహీరా గారు. కూర్చో ఉస్తా. గంట టైము. డీజిల్ పంపు విప్పి బిగించే వరస రాయాలి. కావాలంటే పుస్తకం చూసుకోవచ్చు, రూల్లో ఉంది. రాస్తే ధ్రువపత్రం, రాయకపోతే తాళంచెవి ఇచ్చెయ్యాలి. ఉత్తరంలో చదివావుగా" అన్నాడు ఫిక్రీ, ప్రశ్నపత్రం ముందు పెడుతూ.

బస్యూనీకి కాళ్ళ కింద ఇసుక జారింది. పుస్తకం తెరిచాడు. రొయ్యలన్నీ ఒక్కసారిగా ఎగిరాయి.

"కళ్ళజోడు..." అని మొదలెట్టాడు.

"నాది తీసుకోండి" అంది ఇంజనీరమ్మ, తనది తీసి ఇస్తూ.

పెట్టుకున్నాడు. రొయ్యలు పెద్దవయ్యాయి, అంతే.

ఒక్కటే దారి. లేచి అలమరా దగ్గరికి వెళ్ళాడు. రెండు ముళ్ళ గుడ్డ ఒక్కటి దొరికితే చాలు, ఎలాగో ఒకలా వరస చెప్పేయొచ్చు. చెయ్యి పైకి పెట్టాడు. మెత్తగా తగిలింది, సబ్బు వాసన వేసింది. తీసి చూస్తే తెల్లగా, మల్లెపువ్వులా ఉంది. ముడి లేదు. ఇంకోటి తీశాడు. అదీ తెలుపే. ఇరవై రెండేళ్ళ గ్రంథాలయం ఇస్త్రీ మడతలతో మెరిసిపోతోంది.

"నా పుస్తకాలు!" అని అరిచాడు. "నా పుస్తకాలు ఉతికేసింది!"

హారన్లు కూడా ఆగిపోయాయి. వాకిట్లో తమ్ముడి రిక్షాలోంచి ఇన్షిరాహ్ దిగొచ్చింది. "పుస్తకాలేంటయ్యా? గుడ్డలేగా!"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చేతిలో తెల్లగుడ్డ పట్టుకుని బస్యూనీ మొత్తం చెప్పేశాడు. చుక్కలు, బెత్తం, మరకలు, కళ్ళజోడు. చెప్తున్నంతసేపూ ఇన్షిరాహ్ చూపు తప్పించుకుంటూనే ఉన్నాడు.

"కళ్ళజోడు సంగతి మాకందరికీ తెలుసులేరా" అన్నాడు అస్రాన్ టీ చప్పరిస్తూ. "ఇరవై రెండేళ్ళుగా మరిచిపోయే కళ్ళజోడు ఏ దుకాణంలో దొరుకుతుందో అని మేం వెతుకుతున్నాం."

"దీన్ని డిస్లెక్సియా అంటారు" అంది షహీరా. "చూపులో లోపం కాదు, తెలివిలో అసలే కాదు. అక్షరాలను పట్టుకునే తీరు కొందరికి వేరుగా ఉంటుంది. ఎంతోమందికి ఉంది."

"ఏమంటారూ?"

"డిస్‌-లెక్‌-సి-యా."

"అక్షరాలు అంటేనే జడిసే వాడికి ఇంత పొడుగు పేరు పెట్టారా! పెట్టినవాడు మా బడిపంతులు చుట్టమై ఉంటాడు" అన్నాడు బస్యూనీ. గొంతులో మాత్రం నవ్వు లేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పడం మొదలెట్టాడు.

"ఆగండి" అంది ఆవిడ. "పుస్తకం ఉతికేశారు సరే. అందులో పాఠం గుర్తుందా?"

"ఈ పంపు కొత్తరకమమ్మా. రెండుసార్లే విప్పాను."

"మూడోసారి విప్పండి. రాత నేను రాసుకుంటాను."

అస్రాన్ పడవలోంచి పంపు వచ్చింది. బల్ల మీద గుడ్డ పరిచాడు బస్యూనీ. పరుస్తుంటే తెలిసింది, అది ఈ పంపుని రెండుసార్లూ విప్పిన నీలిపూల దుప్పటే.

ఇన్షిరాహ్ నడుం మీద చెయ్యి వేసుకుంది. "నిన్న ఉతుకుతుంటేనే పోల్చుకున్నా, ఇది నా పెళ్ళి దుప్పటి! తీగ మీంచి ఎవడో ఎత్తుకుపోయాడని పోయినేడు నాతో పాటు కూర్చుని వాణ్ణి తిట్టావుగా!"

"నీకు తోడుగా తిట్టాను" అన్నాడు బస్యూనీ తల దించుకుని. "మనస్ఫూర్తిగా."

పానా అందుకున్నాడు. మూత, నట్లు, పొడుగు కడ్డీ, వాల్వు, ఒక్కొక్కటే కుడి నుంచి ఎడమకు వచ్చి కూర్చున్నాయి. షహీరా పుస్తకంలో వేలు పెట్టి పోల్చుకుంటూ, రాసుకుంటూ పోతోంది. విప్పడం ఇట్టే అయిపోయింది. ముక్కలన్నీ కిరసనాయిల్‌లో కడగాలి కదా, కడిగి మళ్ళీ గుడ్డ మీద పేర్చబోతూ ఆగిపోయాడు. మరకలుంటే ఎవరి గూట్లోకి వాళ్ళు వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు చేతిలో రెండు స్ప్రింగులున్నాయి, కవల పిల్లల్లా. ఏది ముందు? కంగారులో ఒకటి పెట్టాడు, తీశాడు. రెండోది పెట్టాడు, తీశాడు. మరక లేని దుప్పటి అతన్ని చూసి నవ్వుతున్నట్టే ఉంది. ఆరేళ్ళ బడి మొత్తం వెనక్కి వచ్చి నిలబడింది.

"లావుది నాలుగో పువ్వు మీదయ్యా" అంది ఇన్షిరాహ్.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నిన్నంతా దీంతోనే సరిపోయింది నాకు. నాలుగో పువ్వు మీద చుట్టలు చుట్టలుగా లావు మరక, రెండు సబ్బులు అరిగాయి. దాని పక్కన ఉంగరంలా ఓ గుండ్రం. ఆ తరవాత గింజంత చుక్కలు మూడు. సన్న చుట్టల మరక అక్కడెక్కడిది, అది ఆరో పువ్వు కాడ మీద. అక్కడ తోమితోమి నా బొటనవేలి గోరు విరిగింది, చూడు!"

బస్యూనీ చూశాడు. గోరు నిజంగానే విరిగింది. లావు స్ప్రింగు నాలుగో పువ్వు మీద పెట్టాడు. పక్కన వాషర్, తరవాత గింజల్లాంటి ఉక్కు గుళ్ళు మూడు. ఆరో పువ్వు కాడ మీద సన్న స్ప్రింగు.

"ఇది కాపీ!" అన్నాడు ఫిక్రీ. "పరీక్షలో పక్కవాళ్ళు అందించకూడదు."

"పుస్తకం చూసుకోవచ్చని రూల్లో ఉందని మీరే అన్నారు" అంది షహీరా. "ఇదే ఆయన పుస్తకం. ఉతికినంత మాత్రాన పుస్తకం కాకుండా పోతుందా? అక్షరాలు ఈవిడ దగ్గర ఉన్నాయి, అంతే."

"అయినా వరస సరిగ్గా ఉందో లేదో..."

"సరిగ్గానే ఉంది. ఒకటి చెప్పనా? డీజిల్ పంపు విప్పడానికి ఈ పుస్తకంలో మొట్టమొదటి పని ఏమిటో తెలుసా?" ఆవిడ పుట తిప్పి గట్టిగా చదివింది. "'మరకలు లేని శుభ్రమైన గుడ్డను పరచవలెను.' ఇన్నేళ్ళలో మీరు తప్పు చేసింది అదొక్కటే ఉస్తా. ధూళి పడితే పంపు పాడైపోతుంది. ఆ మార్కు కూడా నిన్న మీ ఆవిడ తెచ్చిపెట్టింది."

బస్యూనీ పంపు బిగించాడు. దాన్ని అస్రాన్ పడవలోకి తీసుకెళ్ళి అమర్చాడు. ఇంజను ఓసారి దగ్గింది, రెండోసారి తుమ్మింది, మూడోసారి డబడబలాడింది. షహీరా జవాబుపత్రం కింద "సరి" అని రాసి సంతకం పెట్టి, కలం బస్యూనీకి అందించింది. అతను నాలుక బయటపెట్టి, పంపు విప్పినదానికంటే ఎక్కువసేపు తీసుకుని పేరు రాశాడు. ఆ పేరుకు నాలుగు చుక్కలు కావాలి. అయిదు పడ్డాయి.

"ఒకటి ఎక్కువొచ్చింది" అన్నాడు ఫిక్రీ.

"మీరుంచుకోండి ఉస్తాజ్" అన్నాడు బస్యూనీ, తాళంచెవి మళ్ళీ మొలకి ముడేసుకుంటూ. ఈసారి నవ్వాడు.

అప్పటిదాకా ఓపిక పట్టిన ఏడు రిక్షాలూ ఒక్కసారిగా హారన్లు అందుకున్నాయి. "బావా, మా సంగతేంటి?" అని బావమరిది కేకేశాడు.

"అసలీ రిక్షాలు ఎందుకొచ్చాయి?" అన్నాడు ఫిక్రీ.

"మీరు తెస్తానన్నారుగా! గురువారం రిక్షా అని ఒడ్డు మీద నుంచి మీరే అరిచారు!"

"రిక్షా ఏంటయ్యా! పరీక్ష! పరీక్ష అన్నాను!"

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వులు. షహీరా పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇన్షిరాహ్ నవ్వుతూ నవ్వుతూ నీలిపూల దుప్పటి మీదే కూలబడింది.

"పరీక్ష అని నాకు తెలిసుంటే గుడ్డ ముట్టుకునేదాన్ని కాదు గదయ్యా!"

"నాకు తెలిసుంటే అసలు ఊళ్ళోనే ఉండేవాణ్ణి కాదు" అన్నాడు బస్యూనీ. "బుధవారమే దమన్‌హూర్‌లో మా అక్క మంచం కింద ఉండేవాణ్ణి."

ఇంజను పక్కనే నిలబడ్డ అస్రాన్‌కి ఈ ముక్కలేవీ వినబడలేదు. చేయి చెవి దగ్గర పెట్టుకుని పడవలోంచి కేకేశాడు.

"ఏంటీ? శిక్షా? శిక్ష ఎవరికిరా?"

ఇన్షిరాహ్ కళ్ళు తుడుచుకుని ఒడ్డు చివరికి వెళ్ళింది. ఇంజను ఆపమని చేత్తో సైగ చేసి, పడవకీ, ఏడు రిక్షాలకీ కలిపి మొదటినుంచి చెప్పడం మొదలెట్టింది.