పది దినాల తెరిపి

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వానాకాలంలో ఒక పొద్దున అలివేలుమంగ నడుము పట్టేసి లేవలేకపోయింది. డాక్టరమ్మ చూసి, "మందులతో పోయేది కాదు. ఈమెకు రెస్పైట్ కావాలి," అంది అలివేలుమంగ భర్త నాగరాజన్‌తో. పక్షవాతంతో మంచాన పడిన అత్త తాయారమ్మను మూడేళ్లుగా ఎత్తి దించుతున్నది అలివేలుమంగ ఒక్కతే.

లాస్‌పేటలోని ఇంటికి తిరిగొచ్చే బస్సులో భర్తను అడిగింది. "ఏందది? సూదిమందా?"

"కాదే. మా ఆఫీసు కాగితాల్లో వస్తాది. నడుమ రెండు దినాలు వాన నిలుస్తాది చూడు, అట్లా. మళ్లా పడేది పడతాదనుకో."

"తెరిపి అను. ఆ రెండు దినాల్లోనే కదా గుడ్డలారేది."

పది రోజులని తేలింది. మూలకుళంలో ఉన్న ఆడబిడ్డ హేమావతి తల్లిని తీసుకుపోవడానికి ఒప్పుకుంది. చిక్కల్లా తాయారమ్మతోనే. ఆమె కూతురింటి తిండి తినదు. అందుకని అలివేలుమంగ పది రోజుల బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పుతో సహా మూటగట్టి రిక్షాలో అత్త కాళ్ల దగ్గర పెట్టింది. కొడుకు బియ్యం తింటే కొడుకింట తిన్నట్టే. తాయారమ్మ మూటను చూసుకుని సరేనంది.

మూడు రోజులు అలివేలుమంగ వంట చేసేది, పడుకునేది. నాలుగోనాడు పొద్దున్నే హేమావతి గడపలో నిలబడింది.

"అమ్మ నిన్నట్నుంచీ మెతుకు ముట్టలేదు అలివేలూ. నువ్వొస్తేనే తింటాదంట."

"ఏం జరిగింది వదినా?"

"ఏముంది, మా రేషన్ బియ్యం, మీ బియ్యం ఒకే కుండలో వండినా. వాసన పట్టేసింది ముసిల్ది. కాళ్లు పోయినా ముక్కు పోలేదు."

"వేరేగా వండు."

"వండితే మాత్రం నమ్ముతాదా? కోడలు వచ్చి వండనీ అంటాది. ఒక్క పూట వచ్చిపోమ్మా."

ఒక్క పూట అంటే ఏమిటో అలివేలుమంగకు తెలుసు. వెళితే అత్త చెయ్యి వదలదు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే రిక్షాలో లాస్‌పేటలో దిగుతారు.

"పాలు తాగుతాందా?"

"తాగుతాంది. పాలకు పట్టింపు లేదంట."

"అయితే పాలే తాగించు. నాకింకా ఏడు దినాలు ఉండాయి."

హేమావతి ముఖం ఎర్రబడింది. "అత్త పస్తుంటే నీకు నిద్ర పడతాదా?"

"చూస్తా," అంది అలివేలుమంగ.

ఆడబిడ్డ వెళ్లాక తలుపేసి పడుకుంది. నిద్ర రాలేదు. మధ్యాహ్నం దాకా దూలాలు చూస్తూ పడుకునే ఉంది, లేవలేదు.