ఆ గొట్టం పీకెయ్

పీకెయ్ అనడం ఎంత సులువు, కిటికీ లోపల కుర్చీలో కూర్చుని, సిమెంటు కట్టు వేసిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, నోటితోనే బండి విప్పేస్తున్నారు మా ఆయన, నేనేమో కిటికీ ఇవతల పెరట్లో చతికిలబడి పదో నంబరు స్పానరుతో, తుప్పు పట్టిన బోల్టుతో, విరిగిన గోటితో కుస్తీ పడుతున్నాను, అది కాదే, దాని పక్కది, నీకు ఎడమేదో కుడేదో తెలిస్తే కదా, తెలుసు మహాప్రభో, పద్దెనిమిదేళ్లుగా కుట్టు మిషను విప్పి నూనె పోసి మళ్లీ బిగిస్తున్న చేతులివి, మీ నోరు ఒక్క గంట మూతపడితే ఈ పదిహేనేళ్ల మోటారు సైకిలు మొత్తం విప్పి వరసగా పేర్చగలను, అనలేదు, అనుకున్నాను, అనుకోవడానికే పుట్టినట్టున్నాను.

ఇంజను పక్కన పిడికెడంత నల్ల డబ్బా, దానికి రెండు రబ్బరు గొట్టాలు, ఒక ఇనప గొట్టం, బయటికి పోయే పొగలోకి కాస్త గాలి పంపి అందులో మిగిలిన విషాన్ని అక్కడికక్కడే కాల్చేయడం దాని పనట, పీకేసిన చోట మూసి బిగించడానికి పొద్దున కొత్త గొట్టం ముక్క, మూత కొనడానికి వెళితే స్పేర్ పార్టుల కొట్టాయన చెప్పాడు, బాగుంటే తీయకమ్మా, పొగ పరీక్షలో దొరికిపోతావు అని, అదే వచ్చి చెబితే ఈయన, వాడి మొహం, వాడికేం తెలుసు, దానివల్లే కదా నేను పడింది, మలుపులో గొట్టం పగిలి ఇంజను టక్కున ఆగిపోయింది, పీకెయ్, పీకేస్తే బండి గుర్రంలా పోతుంది, ఈ ముక్క ఐదు వారాలుగా వింటున్నాను, ఆస్పత్రిలో విన్నాను, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంటే విన్నాను, మా ఆడపడుచు మాత్రం నమ్మలేదు, ఆస్పత్రి వరండాలో నలుగురి ముందూ నా మొహం మీదే అంది, పొద్దున్నే మా అన్నయ్యతో పోట్లాడి పంపావు వదినా, మనసు మనసులో లేక పడ్డాడు, గొట్టమూ లేదు గిట్టమూ లేదు అని, ఆ మాట ముల్లులా ఎక్కడ దిగిందో అక్కడే ఉంది, అందుకే ఈ బోల్టు మీద ఇంత కసి, ఈ గొట్టానికి పగులుండాలి, వేలెడంత పగులుండాలి, తీసుకెళ్లి దాని ఒళ్లో పడేస్తాను, చూసుకోవే తల్లీ మీ అన్నయ్యని పడేసింది ఎవరో అని.

ఊడింది, బోల్టు ఊడి మోచెయ్యి చక్రానికి కొట్టుకుంది, ఏమైంది అని లోపల్నించి అరుపు, నా చేతికి కాదు, బండికి, గీత పడిందా అని, నా ఖర్మ, పెద్ద గొట్టం లాగాను, వంచి చూశాను, మెలి తిప్పాను, ఒక కొన వేలితో మూసి రెండో కొన నోట్లో పెట్టి ఊదాను, చుక్క గాలి పోలేదు, సన్న గొట్టం కూడా అంతే, డబ్బా విప్పితే లోపల పల్చటి రేకు మసి పట్టి ఉంది కానీ చెక్కు చెదరలేదు, ఇటు ఊదితే తెరుచుకుంటోంది, అటు పీలిస్తే మూసుకుంటోంది, పాపం బుద్ధిగా దాని పని అది చేసుకుంటోంది, దీని మీదా నింద, దీన్నా ఈయన ఊరంతా తిట్టింది, మరి దేనివల్ల పడ్డట్టు, నావల్లా, లేక ఎవరినైనా వెనక ఎక్కించుకుని మాటల్లో పడ్డారా, తాగారా, పొద్దున ఎనిమిదికి తాగుతారా, ఏదో ఉంది, ఏదో దాచి పదిహేనేళ్ల ఇనుము మీదకి తోసేశారు, ఇరవై ఒక్క ఏళ్ల కాపురంలో ఉప్పెక్కువైతే నేను, తాళంచెవి పోతే నేను, వాన పడితే నేను, ఇప్పుడు నేను చాలక ఈ గొట్టం.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను, గొట్టం ఊచల్లోంచి మూరెడు దూరంలో పెట్టి ఇదేనా అన్నాను, ఆ, అదే, చూశావా ఎలా పగిలిందో అన్నారు, ఎక్కడండీ అన్నాను, ఎక్కడేమిటే, కళ్లు కనపడటం లేదా, మధ్యలో, అబద్ధం, మొహం మీద ఎంత ధీమాగా అబద్ధం, ఒళ్లు మండిపోయింది, పొద్దున కొన్న కొత్త ముక్క తీశాను, కొట్టువాడు అంటించిన తెల్ల కాగితం కూడా ఊడలేదు, అది చూపించి మరి ఇది అన్నాను, అది ఇంకా అన్యాయం, ఎండిపోయి పగుళ్లు బారిపోయింది, పారెయ్ అన్నారు, నవ్వొచ్చింది, ఇంత మోసమా, ఇంకా ఎంత దూరం పోతారో చూద్దామని మసి చెయ్యి గుప్పిట బిగించి, లోపల ఏమీ లేదు, ఖాళీ చెయ్యి, ఇది కూడానా అన్నాను, ఈయన కొంచెం ముందుకి వంగారు, కళ్లు చికిలించారు, నా చేతి వైపు కాదు, నా గొంతు వైపు చూస్తూ, ఆ, అది కూడా, మొత్తం పీకెయ్ అన్నారు.

చెయ్యి దించలేదు, దించాలని తోచలేదు, ఆ పొద్దుటి పోట్లాట దేనికని, ఇస్త్రీ చొక్కా ఎక్కడ పెట్టి చచ్చావని అరిచారు, చొక్కా తలుపు మీదే వేలాడుతోంది, ఎదురుగా, నన్ను సాధించడానికే అనుకున్నాను, పెళ్లిలో మా తమ్ముణ్ని పలకరించకుండా వెళ్లిపోతే పొగరు అనుకున్నాను, ఫోన్లో వచ్చినవి చదివి పెట్టమంటే బద్ధకం అనుకున్నాను, ఈయన నడిపే స్కూలు వాన్‌కి ఎడమ పక్క మూడు గీతలు పడితే గేటు ఇరుకు అన్నారు, సరే అనుకున్నాను, ఇంతసేపూ మోసం అనుకున్నాను, ఏమిటే మాట్లాడవు అంటున్నారు లోపల్నించి, గొంతు చిన్నదైంది, గురువారం కట్టు విప్పేస్తారు, సోమవారం నుంచి వాన్ తీస్తాను, ఓనర్‌తో మాట్లాడేశాను, ఇరవై ఇద్దరు పిల్లలు, వాన్‌లో ఇరవై ఇద్దరు, అందరూ మన వీధి చుట్టుపక్కల పిల్లలే, వాళ్ల యూనిఫాంలు నేనే కుట్టాను, ఒక్కొక్కళ్ల భుజం కొలత నాకు తెలుసు.

కనపడటం లేదు, ఈయనకి కనపడటం లేదు, ఆ సంగతి ఈయనకి తెలుసు, భయపడి, ఎవరికీ చెప్పుకోలేక ఒక గొట్టం వెనక దాక్కున్నారు, ఓనర్ నంబరు నా ఫోన్లో ఉంది, ఇప్పుడే చేస్తాను, ఈయన వింటుండగానే చేస్తాను, తిడతారు, మీద కుర్చీ విసురుతారేమో, మా అన్నయ్య పొట్ట కొట్టావని ఆడపడుచు ఊరంతా చాటుతుంది, చాటనీ, రేపు కళ్ల డాక్టరు దగ్గరికి రానంటే చెయ్యి పట్టుకుని లాక్కెళతాను, ఆ వాన్ మాత్రం ఈయన ఎక్కరు.